పర్లాకిమిడి సంస్థానమా, జమీందారీయా? మీ రసీదులోనే జవాబు ఉంది

మీ ప్రశ్న మిగతావాళ్ళకీ అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. పాతపట్నం దగ్గరి పల్లెలో మీ తాతమ్మ గారి భోషాణంలో ఒక శిస్తు రసీదు దొరికింది. పైన ‘పర్లాకిమిడి ఎస్టేటు’ అనీ, ‘ఫసలీ 1338’ అనీ ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళేమో మొదటినుంచీ ‘కిమిడి సంస్థానం’ అంటారు. అంటే హైదరాబాదు, మైసూరు లాగా అది కూడా సంస్థానమేనా? అయితే 1947లో గజపతి రాజా వారు విలీన పత్రం మీద సంతకం పెట్టారా? మీ ఊరు ఆంధ్రాలో ఉండిపోయి, ఏరు దాటితే వచ్చే కిమిడి పట్నం ఒడిశాలోకి ఎందుకు పోయింది? ఈ మూడూ మీరు విడివిడిగా అడిగారు గానీ నా లెక్కలో మూడూ ఒకే ప్రశ్న.

ముందు నేరుగా జవాబు చెప్పేస్తాను. చట్టం దృష్టిలో పర్లాకిమిడి ఏనాడూ సంస్థానం కాదు. అది మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలో ఒక జమీందారీ. కాబట్టి విలీన పత్రమూ లేదు, సంతకమూ లేదు. సంస్థానం కాకపోబట్టే 1936లో దాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి రెండు రాష్ట్రాలకు పంచగలిగారు. మీ ఊరు ఇటూ, కిమిడి అటూ పడడానికి మూలం అక్కడుంది.

నేను పర్లాకిమిడిలోనే పుట్టి పెరిగాను. నలభై ఏళ్ళు వకీలు పని చేశాను, అందులో ఎక్కువ భాగం పాత ఎస్టేటు భూముల దావాలే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కోర్టు కాగితాల్లో ఇంగ్లీషు. మా ఊళ్ళో మా తరం వాళ్ళ బతుకంతా ఇలాగే సాగింది. మీ రసీదు లాంటివి కొన్ని వందలు చేతబట్టి చదివాను, అందుకే ఫోటో చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

రసీదు దగ్గరే మొదలుపెడదాం. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీ 1338కి 590 కలపండి, 1928 వస్తుంది. మన వైపు ఫసలీ జులైలో మొదలవుతుంది కాబట్టి అది 1928 జులై నుంచి 1929 జూన్ దాకా నడిచిన సంవత్సరం. దాని కింద ‘పట్టా నంబరు’ అని ఒక గడి ఉంది చూడండి. మీరు దాన్ని దాటేసి ‘ఎస్టేటు’ అన్న మాట దగ్గర ఆగిపోయారు, కానీ అసలు కబురు ఆ చిన్న గడిలోనే ఉంది. జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు జమీందారుకు ముచ్చిలికా, అంటే ఒప్పుకోలు పత్రం, రాసివ్వాలి, పుచ్చుకున్న శిస్తుకు రసీదు ఇవ్వాలి అన్నది 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం చెప్పిన పద్ధతి. అది మద్రాసులో కూర్చుని చేసిన చట్టం. నిజంగా రాజ్యమే అయితే మద్రాసు చట్టం ప్రకారం రాజు తన రైతుకు పట్టా ఎందుకు ఇస్తాడు? ఆ ఒక్క గడీ చాలు, కిమిడి రాజా వారు ఎవరి చట్టం కింద ఉన్నారో తెలుస్తుంది.

సంస్థానానికీ జమీందారీకీ తేడా విస్తీర్ణంలో లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మామిడిపళ్ళకు పేరుపడ్డ బనగానపల్లె ఎంతుంటుంది? అయినా అది అసలు సిసలు సంస్థానం, దాని నవాబుకు తొమ్మిది తుపాకుల వందనం. మన పక్కనున్న జయపురం అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది, ఇవాళ్టి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి జిల్లాల్లో చాలా భాగం దానిదే. అయినా చట్టం ప్రకారం అది జమీందారీయే. జయపురానికి ఉత్తరాన కలహండి సంస్థానం, పడమట బస్తరు సంస్థానం. మధ్యలో ఇంత పెద్ద జయపురం మాత్రం విశాఖపట్నం జిల్లాలో ఒక ఎస్టేటు. మ్యాపు మీద పెట్టి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, దాని వెనక ఒక కారణం ఉంది.

సంస్థానంలో పోలీసూ కోర్టూ రాజువి. ఇంగ్లీషు వాళ్ళతో వ్యవహారం పొలిటికల్ ఏజెంటు ద్వారా నడుస్తుంది. ఉరిశిక్ష లాంటి పెద్ద విషయాల్లో వాళ్ళ అనుమతి కావాలి, సింహాసనం ఎవరికి దక్కాలన్నా వాళ్ళ ఆమోదం ఉండాలి, కానీ ఆ ఊళ్ళ జనం బ్రిటిష్ ఇండియా ప్రజలు కారు. జమీందారీలో అలా కాదు. జమీందారు ఎంత పెద్ద రాజవంశం వాడైనా, ఏనుగు అంబారీ మీద తిరిగినా, కలెక్టరుకు కిస్తీల ప్రకారం పేష్కష్, అంటే సర్కారుకు చెల్లించే సొమ్ము, కట్టాలి. కట్టకపోతే ఎస్టేటు జప్తు. ఊళ్ళో దొంగతనం జరిగితే కేసు సర్కారు పోలీసుకు పోతుంది, హత్య జరిగితే బరంపురం సెషన్స్ కోర్టుకు పోతుంది. రాజా వారి మీద రైతు దావా వేయవచ్చు, రైతు మీద రాజా వారూ దావా వేయాల్సిందే. అంతకు మించి ఆయన చేతిలో చట్టబద్ధంగా ఏమీ లేదు.

మరి మన పెద్దవాళ్ళు ‘సంస్థానం’ అని ఎందుకంటారు? వాళ్ళు తప్పు చెప్పడం లేదు. తెలుగులో సంస్థానం అంటే కొలువు, విద్వాంసులు, దసరా దర్బారు. విజయనగరాన్నీ, బొబ్బిలినీ, పిఠాపురాన్నీ అలాగే అన్నాం. పైగా కిమిడి వాళ్ళు నిజంగానే ఒకప్పుడు రాజులు. తూర్పు గంగుల వంశం వాళ్ళమని చెప్పుకునేవారు. పెదకిమిడి, చినకిమిడి, పర్లాకిమిడి అని ఒక్క కిమిడే మూడు శాఖలైంది. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పేరు మీదికి వచ్చాయి, మరుసటి ఏడు నిజాముతో ఒప్పందం కుదిరింది. కాగితం మీద అంతా అయిపోయింది గానీ కిమిడి రాజు నారాయణ దేవు ఒప్పుకోలేదు. అంతకు ముందే విజయనగరంతో తలపడ్డ మనిషి ఆయన. చివరికి 1768లో కర్నల్ పీచ్ అనే దొర సైన్యంతో వచ్చి జలుమూరు దగ్గర ఆయన్ని ఓడించాడు.

జలుమూరు మీకు తెలిసిన ఊరే కదా, మీ ఇంటినుంచి బస్సు ఎక్కితే వస్తుంది. శ్రీముఖలింగం ఉన్నది ఆ మండలంలోనే. గంగుల పాత రాజధాని కళింగనగరం అదేనని చెబుతారు. మధుకేశ్వరుడి గుడి గోడల మీద ఆ రాజుల శాసనాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎక్కడ తమ పూర్వులు రాజ్యం స్థాపించారని చెప్పుకున్నారో, ఆ గుడికి కూతవేటు దూరంలో కిమిడి రాజు కంపెనీ చేతిలో ఓడాడు. కార్తీకంలో ముఖలింగం వెళ్ళినప్పుడల్లా జలుమూరు పొలాల పక్కన బండి ఆపుకుని కాసేపు నిలబడతాను. అక్కడ గుర్తుగా ఒక్క రాయి కూడా నా కంటబడలేదు, నాకది బాధగానే ఉంటుంది.

ఓడాక ఏమైంది అన్నది ముఖ్యం. ఓడిన రాజులతో కంపెనీ అన్నిచోట్లా ఒకేలా లెక్క తేల్చుకోలేదు. మరాఠాల నుంచి 1803లో ఒడిశా చేజిక్కినప్పుడు అక్కడి కొండ రాజులతో ఒప్పందాలు రాసుకుని, కప్పం పుచ్చుకుని, లోపలి పాలన వాళ్ళకే వదిలేసింది. ఆ గడజాతులే తర్వాత సంస్థానాలయ్యాయి. గంజాం, విశాఖపట్నం వైపు మాత్రం అప్పటికి ముప్పై, నలభై ఏళ్ళుగా కంపెనీ పాతుకుపోయి ఉంది. 1802 నాటి మద్రాసు రెగ్యులేషన్ కింద ఇక్కడి రాజులందరికీ శాశ్వత శిస్తు నిర్ణయం చేసి సనదులు, అంటే హక్కు పత్రాలు, ఇచ్చింది. భూమి మీద వచ్చే రాబడిలో సుమారు మూడింట రెండు వంతులు సర్కారుకు పోయేలా లెక్కగట్టి, ఆ మొత్తాన్ని ఎప్పటికీ మారని పేష్కష్‌గా కట్టమంది. జయపురం మాత్రం మారుమూల కొండల్లో ఉండడంతో, 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు పడిపోయాక కంపెనీకి జయపురం స్నేహం అవసరమవడంతో, పదహారు వేల రూపాయల పేష్కష్‌తో బయటపడింది. అంత పెద్ద సీమకు అది ఏ మూలకు?

ఆ సనదుల్లో ఏం ఇచ్చారో కాదు, ఏం తీసేసుకున్నారో చూడాలి. ఉప్పు రాబడి సర్కారుది. దారి సుంకాలు సర్కారువి. సారా, కల్లు మీద వచ్చేది సర్కారుది. పోలీసు అధికారమూ పోయింది. రాజు దగ్గర మిగిలింది భూమి శిస్తు ఒక్కటే. కాగితం మీద ఆయన ‘ప్రొప్రయిటరు’ అయ్యాడు. రాజు భూస్వామిగా మారింది ఆ ఒక్క మాటతోనే. ఊళ్ళల్లో మాత్రం ఎవరూ ఆ మాట వాడలేదు, ‘రాజా వారు’ అనే అన్నారు.

మైదానం కథ అది. కొండ కథ వేరు. కిమిడి ఎస్టేటులో ఎత్తయిన భాగాన్ని మాలియాలు అనేవారు, సవరలు ఉండేది అక్కడే. ఆ కొండ దారుల్ని కాచుకుని బిస్సోయిలు అనే పాళెగాళ్ళు ఉండేవారు. ఒక్కొక్కరికీ ఒక ముఠా, అంటే కొన్ని కొండ ఊళ్ళ సముదాయం. రాజుకు కొంత కడతారు, సవరల దగ్గర మామూళ్ళు వసూలు చేసుకుంటారు, రాజుతో గొడవ వస్తే మైదానంలోకి దిగి ఊళ్ళు దోచుకుంటారు. పేష్కష్ ఏటేటా పెరగకపోయినా, కిస్తీ తప్పితే జప్తే కాబట్టి దివాణం ఒత్తిడి కొండ మీదికి పాకేది. కొండ కోపం మైదానం మీద పడేది. 1819లో థాకరే అనే అధికారిని విచారణకు పంపారు. 1832లో జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపి, మార్షల్ లా పెట్టి, ఊళ్ళమీదికి సైన్యాన్ని నడిపించారు. ఆ తర్వాత 1839లో ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకు మామూలు చట్టాలు వర్తించవనీ, కలెక్టరే గవర్నరు ఏజెంటుగా పాలిస్తాడనీ అన్నారు. ‘ఏజెన్సీ’ అన్న మాట మన నోట్లో స్థిరపడింది ఆ చట్టంతోనే. అయినా కొండ చల్లారలేదు. 1857 ప్రాంతంలో గైబ దగ్గర రాధాకృష్ణ దండసేన నాయకత్వంలో సవరలు తిరగబడ్డారు. గైబను ధ్వంసం చేసి ఆయన్ని ఉరితీశారు. ఆ పేరు మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో నాకెప్పుడూ కనబడలేదు, ఉండాల్సిన పేరు.

రాజు ఎంత మాత్రపు రాజో తెలియాలంటే ఇంకో లెక్క చెబుతాను. 1830 నుంచి 1890 దాకా అరవై ఏళ్ళ పాటు పర్లాకిమిడి ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలో ఉంది. అంటే జమీందారు మైనరు అనో, సమర్థుడు కాడనో సర్కారే ఎస్టేటును తన నిర్వహణలోకి తీసుకుంటుంది. పేరు రాజుది, సంతకం కలెక్టరుది. రెండు తరాలు గడిచిపోయాయి. సంస్థానాల్లోనూ ఇంగ్లీషు వాళ్ళు పగ్గాలు తీసుకునేవారు, నేను కాదనను, కలహండిలో 1882 కోంధుల తిరుగుబాటు తర్వాత అదే జరిగింది. కానీ అక్కడ అది రాజకీయం, ఫైలు గవర్నరు జనరల్ దాకా పోతుంది. ఇక్కడ అది ఒక రెవెన్యూ శాఖ వ్యవహారం. మీ ముత్తాత గారి తండ్రి ‘రాజా వారి శిస్తు’ అని కట్టింది చాలా ఏళ్ళు కలెక్టరు మేనేజరుకే.

ఎస్టేటు తిరిగి రాజవంశం చేతికి వచ్చాక గౌరచంద్ర గజపతి చేసిన పెద్ద పని రైలు. మెయిన్ లైను మీద నౌపడ స్టేషను ఉంది. అక్కడినుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలతో సుమారు నలభై కిలోమీటర్ల చిన్న రైలు వేయించారు. 1900 ఏప్రిల్ 1న మొదలైంది, 1931కి గుణుపురం దాకా పోయింది. టెక్కలి, పెద్దసాన, టెంబూరు, పాతపట్నం, ఆ తర్వాత కిమిడి. నా చిన్నప్పుడు ఆ రైలు మహేంద్రతనయ నది దగ్గరికి వచ్చేసరికి ఎంత నెమ్మదించేదంటే, పిల్లలం దిగి పక్కన నడిచి మళ్ళీ ఎక్కేవాళ్ళం. బొగ్గు నుసి కళ్ళలో పడితే అమ్మ చీర చెంగు ఊది అద్దేది. 2004లో ఆ చిన్న లైను ఆపేసి బ్రాడ్‌గేజి వేశారు, 2011కల్లా గుణుపురం దాకా పెద్ద రైలు వచ్చింది. ఆ చిన్న రైలు మొదలయ్యే నౌపడ చుట్టూ ఉప్పు కొఠార్లే. ఉప్పు సర్కారుది, రైలు రాజుది. 1802లో చేజారిన ఉప్పును 1900లో రాజా వారి బండి మోసింది.

ఇక మీ రసీదుకు నేరుగా సంబంధించిన సంగతికి వస్తాను, నాకు అన్నిటికన్నా దగ్గరైనది కూడా ఇదే. ప్రాక్టీసు పెట్టిన మొదటి ఏడాది మా సీనియరు గారు ఒక లావుపాటి లా రిపోర్టు నా ముందు పెట్టి, ఒక పేజీ తీసి, “ముందు ఇది చదువు. మన ఊరి కేసు, దేశమంతా చదువుతుంది” అన్నారు. గరబంధ రైతులు వర్సెస్ పర్లాకిమిడి జమీందారు, ప్రీవీ కౌన్సిల్ తీర్పు, 1943. ఆ రోజుల్లో మన దేశపు కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు అది. గరబంధ మా పట్నానికి దగ్గరి పల్లె. నేను ఆ పేరు చూసి పొరబాటేమో అనుకున్నాను. చిన్నప్పుడు సంతకు వెళ్ళిన ఊరి పేరు లండన్‌లో అచ్చయిన తీర్పు మీద ఎందుకుంటుంది?

జరిగింది ఇదీ. ఇందాక చెప్పిన 1908 చట్టంలోనే పదకొండో అధ్యాయం కింద ఊళ్ళ శిస్తును సర్వే చేయించి కొత్తగా ఖరారు చేయించుకునే వీలుంది. జమీందారు అడిగారు. ప్రత్యేక రెవెన్యూ అధికారి వచ్చాడు, శిస్తు పెంచాడు. వ్యవహారం మద్రాసులోని బోర్డ్ ఆఫ్ రెవెన్యూ దాకా పోయింది, అక్కడా పెంపు నిలిచింది. గరబంధ, మరి కొన్ని పల్లెల రైతులు ఊరుకోలేదు. బోర్డు అధికారం మీరింది, ఆ ఉత్తర్వు కొట్టేయండి అని మద్రాసు హైకోర్టులో సెర్షియొరరీ రిట్, అంటే కింది అధికారుల ఉత్తర్వును రద్దు చేసే ఆజ్ఞ, అడిగారు. ఓడిపోయారు. లండన్‌కు అప్పీలు చేశారు.

లండన్‌లో వాదన శిస్తు న్యాయమా కాదా అన్న దాకా పోనేలేదు. అసలు మద్రాసు హైకోర్టుకు ఈ రిట్ ఇచ్చే అధికారం ఉందా అన్న దగ్గరే ఆగిపోయింది. ఆ అధికారం హైకోర్టుకు పాత సుప్రీంకోర్టు నుంచి వారసత్వంగా వచ్చింది. 1801లో మద్రాసులో పెట్టిన ఆ కోర్టుకు మద్రాసు పట్నం హద్దు దాటితే ‘బ్రిటిష్ సబ్జెక్టుల’ మీదే అధికారం. ఆ రోజుల అర్థంలో అంటే సీమ నుంచి వచ్చిన దొరలు. గంజాం రైతూ గంజాం జమీందారూ ఆ లెక్కలోకి రారు. బోర్డు ఆఫీసు మద్రాసు పట్నంలోనే ఉంది కదా అన్నారు రైతుల తరఫున. ఆఫీసు ఎక్కడుందన్నది చాలదు, భూమీ మనుషులూ గంజాంలో ఉన్నారు అంది ప్రీవీ కౌన్సిల్. రైతులు ఓడిపోయారు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నతో కలిపి చూడండి. పర్లాకిమిడి సంస్థానమే అయితే ఆ రైతులు మద్రాసు గుమ్మం తొక్కేవాళ్ళే కాదు, లండన్ మాట అటుంచండి. రాజు మీద పోరాటం వీధిలోనో అడవిలోనో జరిగేది. జమీందారీ కాబట్టి పట్టా ఉంది, చట్టం ఉంది, అప్పీలు ఉంది. అదే సమయంలో, బ్రిటిష్ ఇండియా పౌరులై ఉండి కూడా మద్రాసు పట్నంలో ఉన్నవాడికి దొరికే రిట్ గంజాం రైతుకు దొరకలేదు. సంస్థానపు ప్రజ కాడు, పట్నపు ప్రజా కాడు, మధ్యలో ఇరుక్కున్నాడు. ఈ లోటు 1950లో రాజ్యాంగం 226వ అధికరణంతో తీరింది. ఇవాళ ఏ మారుమూల మనిషైనా హైకోర్టులో రిట్ వేస్తే, ఆ అధికారం ఎందుకు కొత్తగా ఇవ్వాల్సి వచ్చిందో చెప్పడానికి లా కాలేజీల్లో గరబంధ పేరే చెబుతారు. మా సీనియరు గారు ఆ పేజీ చూపించిన రోజు సాయంత్రం సైకిల్ మీద గరబంధ వెళ్ళాను. ఊరి రచ్చ దగ్గర ఒక ముసలాయన్ని అడిగితే, “మా అయ్య వాళ్ళు చందాలేసుకుని తిరిగినారు బాబూ, ఏదో పెద్ద కోర్టు అన్నారు” అన్నాడు. ఆ కోర్టు ఏ దేశంలో ఉందో ఆయనకు తెలియదు. చందా కోసం నువ్వులు అమ్మిన సంగతి మాత్రం బాగా గుర్తుంది.

ఆ జమీందారు ఎవరో మీరు ఊహించే ఉంటారు. కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవు. 1892లో పుట్టారు, 1905లో తండ్రి పోయాక ఎస్టేటు మళ్ళీ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి పోయి, 1913లో ఆయన చేతికి వచ్చింది. ఆయన్ని రైతుల పాలిట రాక్షసుడిగా చూపించడం నాకిష్టం లేదు. వ్యవసాయం మీద వేసిన రాయల్ కమిషన్‌లో సభ్యుడు, కాలేజీని పోషించిన మనిషి, బరంపురం మెడికల్ కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. కానీ శిస్తు పెంచమని అడిగిన దివాణమూ ఆయనదే. రెండూ నిజమే.

ఒడిశా ఏర్పాటులో ఆయన పాత్రే మీ మూడో ప్రశ్నకు జవాబు. ఒడియా వాళ్ళ సంఘమైన ఉత్కళ సమ్మిళని 1914లో పర్లాకిమిడిలోనే సమావేశమైంది. ఆయన రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్ళి ఒడియా వాళ్ళకు వేరే రాష్ట్రం కావాలని వాదించారు. సరిహద్దులు తేల్చడానికి 1931లో ఓడొనెల్ కమిటీ వేస్తే, ఒడియా పక్షాన ఆయనా, ఆంధ్రుల పక్షాన సి.వి.ఎస్. నరసింహరాజు గారూ అందులో సహ సభ్యులు. ఇక్కడే చిక్కు వచ్చింది. రాజవంశం భాష ఒడియా, మాలియాల్లో భాష సవర, మైదానంలో రైతుల్లో ఎక్కువమందిది తెలుగు. 1933లో వచ్చిన శ్వేతపత్రం పర్లాకిమిడినీ జయపురాన్నీ రెండింటినీ ఒడిశాలో కలపకుండా వదిలేసింది. రాజా వారు లండన్ వెళ్ళి పట్టుబట్టారు. 1934లో పార్లమెంటు జాయింట్ కమిటీ దాన్ని మార్చింది. జయపురం, పర్లాకిమిడి మాలియాలు, పట్నంతో సహా పర్లాకిమిడి ఎస్టేటులో ఒక చిన్న భాగం ఒడిశాకు. మిగతా పెద్ద భాగం మద్రాసులోనే. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం పుట్టింది. మీ పాతపట్నం వైపు విశాఖపట్నం జిల్లాలోకి పోయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది.

ఇది చేయడానికి కావలసింది లండన్ నుంచి ఒక ఉత్తర్వు మాత్రమే. కలహండి సరిహద్దునో బస్తరు సరిహద్దునో ఇలా కదపాలంటే ఆ రాజుతో మాట్లాడాలి, ఒప్పందాలు చూడాలి. ఎస్టేటుకు అవేమీ అక్కర్లేదు. అది జిల్లాలో భాగం, జిల్లా రాష్ట్రంలో భాగం, కాగితం మీద గీత గీస్తే సరిపోయింది. తాను కోరుకున్న రాష్ట్రం కోసం రాజా వారే తన ఎస్టేటులో పెద్ద ముక్కను అవతల వదులుకున్నారు. కొత్త రాష్ట్రానికి 1937లో మొదటి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) ఆయనే, కాంగ్రెసు పదవి తీసుకోనన్నంత కాలం, ఏప్రిల్ నుంచి జులై దాకా. ఇవాళ మా జిల్లా పేరు గజపతి, 1992లో గంజాం నుంచి విడిపోయినప్పుడు ఆయన గుర్తుగా పెట్టారు.

ఈ గీత వల్ల మాకు పోయిన మనిషి గిడుగు రామమూర్తి పంతులు గారు. 1880లో ముప్పై రూపాయల జీతానికి రాజా వారి బడిలో మాస్టరుగా చేరి, అక్కడే కాలేజీలో చరిత్ర చెప్పి, సవర పిల్లవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకుని నిఘంటువు చేసిన మహానుభావుడు. ముఖలింగం శాసనాలు చదివిందీ ఆయనే. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన యుద్ధమంతా మా కిమిడి వీధుల్లో కూర్చుని చేసినదే. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. కలిపేశాక ఊళ్ళో ఉండలేక 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు. నాలుగేళ్ళకు పోయారు. నేను పుట్టకముందు సంగతే అయినా, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 వచ్చినప్పుడల్లా ఇది తలుచుకోకుండా ఉండలేను.

ఇక 1947 సంగతి. ఒడిశా గడజాతు రాజులు విలీనానికి సంతకాలు పెట్టారు, ఎక్కువ సంస్థానాలు 1948 జనవరి 1న ఒడిశాలో కలిశాయి. వాళ్ళకు 1971 దాకా రాజభరణాలు అందాయి. పర్లాకిమిడి, జయపురం, విజయనగరం, ఇవేవీ ఆ జాబితాలో లేవు. వీటికి చట్టసభ చేసిన రద్దు చట్టమే చాలు. మీ వైపు భాగానికి 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, మా వైపు భాగానికి 1951 ఒడిశా చట్టం వర్తించాయి. జమీందారుకు రాజభరణం కాదు, లెక్కగట్టిన నష్టపరిహారం ఇచ్చారు. ఒకే దివాణానికి కట్టిన శిస్తు, రెండు చట్టాల కింద, రెండు భాషల రికార్డుల్లో ఆగిపోయింది.

అందుకే మీ రసీదును బట్టి భూమి వివరాలు వెతకాలనుకుంటే ఒక మాట చెప్పాలి. మీ ఊరు మద్రాసు వైపు ఉండిపోయింది కాబట్టి పర్లాకిమిడి వచ్చి ఖతియాన్ల (ఒడిశా భూమి రికార్డుల) కోసం తిరగకండి, టైమ్ వృథా. మీ తహసీల్దారు ఆఫీసులో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగండి. ఎస్టేటు రద్దయ్యాక ఊరూరా సర్వే చేసి రాసిన రికార్డు అది. అందులో కొత్త సర్వే నంబరు ఉంటుంది. రసీదు మీది పట్టా నంబరు ఎస్టేటు నాటిది, ఆ రెండూ ఒకటి కావు, కలిసొస్తాయని అనుకుని టెన్షన్ పడకండి. ఇంటిపేరు, పొలం గట్ల పేర్లతో పోల్చుకోవాలి. మీరు పెట్టిన ఫోటోలో రసీదు ముందు వైపే ఉంది. వెనక కరణం చేతిరాతతో పొలం పేరో, పాత బకాయో రాసి ఉండటం మామూలే. వెనక వైపు కూడా ఎండ పడే చోట పెట్టి ఒక ఫోటో తీసి పంపండి. సిరా వెలిసిపోయి ఉన్నా పర్వాలేదు, ఆ గొలుసుకట్టు రాత చదవడం నాకు అలవాటే.